డాబా మీద ఒరుగుతోంది, బీచ్‌లో వలయాలు తిరుగుతోంది, చివరికి పడిపోయింది: డ్రోన్‌లో లోపం ఎక్కడ?

మిగతా వాళ్లకు అర్థం కావడానికి ముందు ప్రశ్న క్లుప్తంగా చెబుతాను. విశాఖపట్నం మధురవాడలో ఇంజినీరింగ్ చదువుతున్న ఒక తమ్ముడు ఎఫ్450 అనే నాలుగు చేతుల ఫ్రేము మీద సొంతంగా డ్రోన్ కట్టుకున్నాడు. డ్రోన్‌ను నడిపే పిక్స్‌హాక్ 2.4.8 బోర్డు (ఫ్లైట్ కంట్రోలర్), అందులో ఆర్డుపైలట్ సాఫ్ట్‌వేర్, ఎం8ఎన్ జీపీఎస్, 2212 మోటార్లు, 1045 ప్రొపెల్లర్లు, మూడు సెల్లుల (3ఎస్) బ్యాటరీ. ఇంటి డాబా మీద లేపితే ఎడమకు ఒరుగుతోంది. భీమిలి వైపు ఇసుకలో లాయిటర్ మోడ్‌లో, అంటే దానంతటదే ఉన్నచోటే నిలవాల్సిన మోడ్‌లో పెడితే, నిలవకుండా వలయాలు తిరుగుతోంది, ఆ వలయాలు అంతకంతకూ పెద్దవవుతున్నాయి. మూడోసారి వెళ్లినప్పుడు 15 మీటర్ల ఎత్తు నుంచి ముందు ఎడమ మూలకు బోర్లాపడి కూలిపోయింది. కంపాస్‌ను నాలుగుసార్లు కాలిబ్రేట్ చేశాడు, ఫర్మ్‌వేర్‌ను రెండుసార్లు మళ్లీ ఎక్కించాడు. ఒక దుకాణంలో చూపిస్తే బోర్డు పోయిందన్నారట. ఎగిరినప్పుడు బోర్డు నమోదు చేసుకున్న లాగ్ ఫైళ్లు, నాలుగు ఫొటోలు పంపి, "అన్నా, కొత్త ఫ్లైట్ కంట్రోలర్ కొనాలా?" అని అడిగాడు.

కొనవద్దు తమ్ముడూ. నీ బోర్డు బాగానే ఉంది. ఇది ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు, నువ్వు పంపిన లాగే చెబుతోంది. బోర్డు చెడిపోయినా, దానికి కరెంటు అందకపోయినా లాగ్ గాలిలోనే తెగిపోతుంది. ఎత్తు ఇంకా పది మీటర్లు చూపిస్తుండగానే గీత ఆగిపోతుంది. నీ లాగ్‌లో గీత ఎత్తు సున్నాకు వచ్చేదాకా సాగింది, నేలకు కొట్టుకున్న కుదుపు కూడా అందులో నమోదైంది. అంటే పడుతున్నంతసేపూ బోర్డు పనిచేస్తూనే ఉంది. ఇంకో సాక్ష్యం కూడా ఉంది. బోర్డు కోరిన వంపు, డ్రోన్ నిజంగా తిరిగిన వంపు రెండింటినీ ఒకే గ్రాఫ్‌లో వేసి చూశాను. కూలే ముందు వరకు రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి నడిచాయి. ఆఖరి సెకనున్నరలో బోర్డు కుడివైపు వంగమంటుంటే డ్రోన్ ఎడమకు పోయింది. ఆజ్ఞ సరిగ్గానే వచ్చింది, అమలు చేయాల్సినది చేయలేదు. అలాంటప్పుడు ఆజ్ఞ ఇచ్చినదాన్ని మార్చి ప్రయోజనం లేదు.

నీ మూడు ఫిర్యాదులకూ ఒకే మూలం ఉంటుందని నువ్వు అనుకున్నావు, దుకాణం వాళ్లూ అలాగే అనుకున్నారు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. ఒరగడం ఒక లోపం, వలయాలు తిరగడం ఇంకొకటి, కూలిపోవడం మూడోది. మూడూ ఒకే డ్రోన్‌లో ఒకేసారి కనిపించేసరికి మొత్తం యంత్రమే పాడైపోయినట్టు తోస్తుంది. వాటిని విడదీయడానికి కొత్త పరికరమేమీ అక్కర్లేదు, నీ రిమోట్ మీద ఉన్న మోడ్ స్విచ్ చాలు.

ఒక్కో మోడ్‌లో డ్రోన్ ఒక్కో సెన్సరును నమ్ముతుంది. డ్రోన్‌ను సమంగా మాత్రమే ఉంచే స్టెబిలైజ్‌లో అది నమ్మేది ముఖ్యంగా తిరుగుడును కొలిచే జైరోనూ, వాలును చెప్పే యాక్సిలరోమీటర్‌నూ. జీపీఎస్ ఏమంటోందో, ఎత్తు ఎంతో దానికి అక్కర్లేదు. ఎత్తును పట్టి ఉంచే ఆల్ట్ హోల్డ్‌లోకి మారిస్తే వీటికి గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్పే బారోమీటర్ తోడవుతుంది. లాయిటర్‌లోకి వెళ్తే జీపీఎస్, కంపాస్ రెండూ వచ్చి చేరతాయి. కాబట్టి ముందు స్టెబిలైజ్‌లో రెండు నిమిషాలు, ఆ తర్వాత ఆల్ట్ హోల్డ్‌లో, చివరికి లాయిటర్‌లో ఎగరవెయ్యి. స్టెబిలైజ్‌లోనే తేడా కనిపిస్తే మోటార్లు, ప్రొపెల్లర్లు, మోటార్ల వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీలు, ఫ్రేము, లెవెల్ కాలిబ్రేషన్ (సమతలం ఏదో బోర్డుకు నేర్పడం) చూడాలి. స్టెబిలైజ్‌లో బాగుండి ఆల్ట్ హోల్డ్‌లో పైకీ కిందకీ ఊగితే బారోమీటర్‌నో వైబ్రేషన్‌నో అనుమానించాలి. ఆ రెండింటిలోనూ బుద్ధిగా ఉండి లాయిటర్‌లో మాత్రమే తిరుగుళ్లు మొదలైతే కంపాస్ లేదా జీపీఎస్. ఈ వరుస పాటించకుండా నేరుగా లాయిటర్‌లో లేపి కారణం వెతికితే సెన్సర్లన్నిటినీ ఒకేసారి అనుమానించాల్సి వస్తుంది.

ఇక ఒక్కో ఫిర్యాదు సంగతి చూద్దాం.

ఒరగడం గురించి ఎక్కువ చెప్పేది లేదు. లెవెల్ కాలిబ్రేషన్ ఎక్కడ చేశావని అడిగితే డాబా మీదే అన్నావు. మన ఇళ్ల డాబాలు సమంగా ఉండవు. వాన నీళ్లు గొట్టంలోకి పోవాలని మేస్త్రి కావాలనే వాలు పెడతాడు. ఆ వాలునే నువ్వు డ్రోన్‌కు సమతలమని చెప్పావు. అర డిగ్రీ తేడా ఉంటే గాలి లేని చోట కూడా 5 సెకన్లలో దాదాపు మీటరు దూరం పక్కకు జరుగుతుంది. తాపీ పనివాళ్ల దగ్గర ఉండే రసమట్టం ఒకటి అరువు తెచ్చుకుని, టేబుల్ మీద గాజు పలక పెట్టి, రెండు దిశల్లోనూ బుడగ నడిమధ్యకు వచ్చాక మళ్లీ కాలిబ్రేట్ చెయ్యి. డాబా మీద పిట్టగోడ కూడా ఉంటుంది. సముద్రం మీదుగా వచ్చే గాలి ఆ గోడను దాటి లోపల సుడి తిరుగుతుంది. నడుము ఎత్తులో ఉన్న డ్రోన్‌ను ఆ సుడి ఒక పక్కకు తోస్తుంది. డాబాను పరీక్షల స్థలంగా వాడటం ఇక మానెయ్యి. స్టెబిలైజ్‌లో డ్రోన్ గాలివాటుకు నెమ్మదిగా జరగడం లోపం కాదని కూడా గుర్తుంచుకో. అక్కడ దాన్ని నిలబెట్టే బాధ్యత నీ వేళ్లదే.

వలయాల సంగతి దగ్గర కాస్త ఆగాలి. చాలామందికి ఇది అర్థం కాక జీపీఎస్ మాడ్యూల్ మార్చేస్తారు.

మన ఊళ్లో సముద్రం ఎటు ఉందని ఎవరిని అడిగినా తూర్పు అంటారు. మ్యాపు తీసి చూడు. ఆర్కే బీచ్‌లో నీళ్లకు ఎదురుగా నిలబడితే నీ ముఖం ఆగ్నేయానికి ఉంటుంది, ఎందుకంటే మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. ఎదురుగా ఉన్నది తూర్పే అనుకున్న మనిషి ఎడమకు తిరిగి ఉత్తరానికి పోతున్నాననుకుంటూ ఈశాన్యానికి నడుస్తాడు. కాసేపటికి దారి తప్పానని గ్రహించి సరిదిద్దుకుంటాడు, కానీ ఆ సరిదిద్దడం కూడా అదే తప్పు దిక్కుల లెక్కతో చేస్తాడు. గమ్యం చుట్టూ వంకర దారిలో తిరుగుతాడే తప్ప తిన్నగా దాన్ని చేరలేడు. కంపాస్ తప్పు చెప్పినప్పుడు నీ డ్రోన్ చేసేది ఇదే. జీపీఎస్ దానికి నువ్వు రెండు మీటర్లు దక్షిణానికి జరిగావు, ఉత్తరానికి రా అని సరిగ్గానే చెబుతోంది. ఉత్తరం ఎటో చెప్పాల్సిన కంపాస్ ఈశాన్యాన్ని చూపిస్తోంది. దిక్కు తేడా కొద్దిగా ఉంటే డ్రోన్ చిన్న వంపు తిరిగి తన చోటికి వచ్చేస్తుంది. తేడా పెరిగేకొద్దీ ఆ వంపు వలయమవుతుంది. తేడా 90 డిగ్రీలు దాటితే సరిదిద్దే ప్రతి ప్రయత్నమూ దాన్ని ఇంకా దూరం తోస్తుంది. నువ్వు వెంటనే స్టెబిలైజ్‌కు మార్చి దించేశావు. అది చాలా మంచి పని. అలా చేయకపోతే డ్రోన్ సముద్రంలోకి పోయేది.

జీపీఎస్ తప్పు చేసినప్పుడు కనిపించే తీరు వేరు. అప్పుడు వలయం రాదు. నిలకడగా ఉన్న డ్రోన్ ఉన్నట్టుండి ఒక పక్కకు జారుతుంది, కొన్ని సెకన్ల తర్వాత తిరిగి వస్తుంది. లాగ్‌లో అదే సమయానికి ఉపగ్రహాల సంఖ్య తగ్గి, స్థానం లెక్కలో తప్పు ఎంత ఉండొచ్చో చెప్పే హెచ్‌డాప్ విలువ పెరుగుతుంది. నీ లాగ్‌లో ఉపగ్రహాలు 14 కన్నా తగ్గలేదు, హెచ్‌డాప్ 1 దగ్గరే ఉంది. కాబట్టి జీపీఎస్ నిర్దోషి. ఇక్కడే ఇంకో మాట, సాయంత్రాలు ఎగరవేసే వాళ్ల కోసం. మనం భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం. సూర్యుడు కుంకాక వాతావరణం పైపొర అయిన అయనోవరణంలో ఏర్పడే అలజడి జీపీఎస్ సంకేతాలను మినుకుమినుకుమనిపిస్తుంది. మార్చి, ఏప్రిల్, సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో, సూర్యుడి మీద చురుకుదనం ఎక్కువగా ఉన్న సంవత్సరాల్లో ఇది పెరుగుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో దశాబ్దాలుగా అయనోవరణం మీద పరిశోధన జరుగుతోంది, ఆ రంగంలో వాల్తేరు, అంటే మన విశాఖ, పేరు బాగా తెలిసినదే. పగలు బాగుండి రాత్రి ఎనిమిది తర్వాతే డ్రోన్ జారుతుంటే మాడ్యూల్‌ను నిందించే ముందు ఆ సంగతి తలచుకోవాలి. నువ్వు ఉదయం పూట ఎగరవేశావు కాబట్టి నీకు ఇది వర్తించదు.

మరి నీ కంపాస్‌కు ఏమైంది? రెండో ఫొటో చూడు. జీపీఎస్ మాడ్యూల్‌ను పై పలకకు డబుల్ టేపుతో అంటించావు. ఎం8ఎన్‌లో జీపీఎస్‌తో పాటు కంపాస్ కూడా ఆ గుండ్రటి డబ్బాలోనే ఉంటుంది. దానికి నాలుగు వేళ్ల దూరంలోనే బ్యాటరీ తీగలు పోతున్నాయి, అదీ ఎరుపు ఒక పక్క, నలుపు ఒక పక్క విడివిడిగా. ఎఫ్450లో కింది పలకే కరెంటు పంచే పలక. థ్రాటిల్ (మోటార్లకు ఇచ్చే ఊపు) పెంచగానే ఆ తీగల్లో పాతిక ఆంపియర్లు పారతాయి. పారే కరెంటు చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది, కంపాస్ దాన్ని భూమి క్షేత్రంతో కలిపి చదువుతుంది. నీ లాగ్‌లో అయస్కాంత క్షేత్రం పరిమాణాన్నీ థ్రాటిల్‌నూ పక్కపక్కన వేసి చూస్తే థ్రాటిల్ లేచినప్పుడల్లా క్షేత్రం కూడా లేస్తోంది, దాదాపు 45 శాతం మారుతోంది. 30 శాతంలోపు ఉంటే సర్దుకోవచ్చు. 60 దాటితే లాయిటర్‌ను మరచిపోవాల్సిందే. నువ్వు ఈ రెండింటి మధ్య ఉన్నావు. అందుకే ఒకరోజు బాగా నిలబడింది, మరో రోజు తిరిగింది.

నాలుగుసార్లు కాలిబ్రేట్ చేసినా ఎందుకు ఫలితం రాలేదో ఇప్పుడు తెలుస్తుంది. కాలిబ్రేషన్ జరిగేటప్పుడు మోటార్లు ఆగి ఉంటాయి. అప్పుడు లేని క్షేత్రాన్ని అది ఎలా లెక్కలోకి తీసుకుంటుంది? పైగా ఆ కాలిబ్రేషన్‌ను ఇనుప చువ్వల మీద పోసిన స్లాబు మీద చేశావు. నేల దగ్గర చువ్వల క్షేత్రం ఒకలా ఉంటుంది, తల ఎత్తులో మరోలా ఉంటుంది. డ్రోన్‌ను తిప్పుతూ నువ్వు నేర్పింది ఆ స్లాబు క్షేత్రాన్ని. జేబులో ఫోను, చేతికి గడియారం ఉన్నాయేమో కూడా గుర్తు చేసుకో. తేడా వచ్చిన ప్రతిసారీ కంపాస్‌ను కాలిబ్రేట్ చేయడం మనవాళ్లకు అలవాటైపోయింది. అది మందు కాదు. పైగా పాత విలువలు చెరిగిపోవడం వల్ల ఎక్కడ తప్పు జరిగిందో చెప్పే ఆధారం కూడా పోతుంది.

చేయవలసింది ఇది. 12 నుంచి 15 సెంటీమీటర్ల ప్లాస్టిక్ లేదా కార్బన్ కడ్డీ మీద జీపీఎస్‌ను పైకి లేపు. బాణం గుర్తు ముందుకే ఉండాలి. ఆ దగ్గర ఇనుప స్క్రూలు ఉంటే తీసేసి నైలాన్‌వి వెయ్యి. బ్యాటరీ ఎరుపు, నలుపు తీగలను జడలా పెనవేసి కట్టు. రెండింటి క్షేత్రాలూ ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. బోర్డులో ఉన్న లోపలి కంపాస్‌ను సెట్టింగుల్లో ఆపేసి బయటి కంపాస్‌నే వాడు. ఆ తర్వాత ఊరి బయట మట్టి నేల మీద, బైకులకూ కార్లకూ పది మీటర్ల దూరంలో ఒక్కసారి కాలిబ్రేట్ చెయ్యి. మోటార్లు తిప్పుతూ చేసే కంపాస్ కాలిబ్రేషన్ కూడా ఒకటుంది. కట్టేసిన డ్రోన్‌కు తిరిగే ప్రొపెల్లర్లు ఉంచి చేసే ఆ పనిని కొత్తగా నేర్చుకుంటున్న వాళ్లకు నేను చెప్పను. కడ్డీ ఎత్తితే చాలాసార్లు దాని అవసరమే రాదు.

ఇక కూలిపోవడం. అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే కాబట్టి కాస్త శ్రద్ధగా చదువు.

ఆర్డుపైలట్‌లో ఎక్స్ ఆకారపు డ్రోన్‌కు మోటార్ల వరుస ఇలా ఉంటుంది: ఒకటి ముందు కుడి, రెండు వెనుక ఎడమ, మూడు ముందు ఎడమ, నాలుగు వెనుక కుడి. నీ డ్రోన్ ముందు ఎడమకు పడింది, అంటే మూడో నంబరు వైపుకు. లాగ్‌లో మోటార్లకు వెళ్లిన ఆజ్ఞలు చూశాను, ఆ సంఖ్య ఎంత పెద్దదైతే మోటారును అంత వేగంగా తిరగమన్నట్టు. మామూలుగా ఒకచోట నిలిచి ఉన్నప్పుడే ఒకటి, రెండు, నాలుగు మోటార్లకు 1480, 1500, 1490 వెళ్తుంటే మూడోదానికి 1620 వెళ్తోంది. మిగతావాటితో సమానంగా లాగడానికి దాన్ని ఎక్కువ తిప్పాల్సి వస్తోందన్నమాట. నీ మొదటి ప్రయాణం లాగ్‌లో ఈ తేడా 30 కన్నా ఎక్కువ లేదు. అంటే ఆ మోటారు రోజురోజుకూ బలహీనపడుతూ వచ్చింది. డాబా మీద ఒరగడంలో కూడా దీని వాటా కొంత ఉండి ఉంటుంది. ఆఖరి క్షణాల్లో మూడోదానికి ఆజ్ఞ 1950కి లేచింది, దానికి ఎదురు మూలన ఉన్న నాలుగోది అడుగుకు పడింది. ఒక మూల కుంగిపోతుంటే దాన్ని లేపడానికి, ఎదురు మూలను దించడానికి బోర్డు చేసిన చివరి ప్రయత్నం అది. ఇంత స్పష్టంగా కనిపించినప్పుడు ఆ చేతి మీద మోటారు, ఈఎస్‌సీ, ప్రొపెల్లర్, వాటి మధ్య తీగలు తప్ప ఇంకేదీ చూడనక్కర్లేదు.

ఆ మోటారు ఎందుకు బలహీనపడిందో నాకు గట్టి అనుమానం ఉంది. నువ్వు మూడుసార్లూ ఇసుక మీద నుంచే లేపావు, ఇసుక మీదే దించావు. భీమిలి తీరంలో అలలు వెనక్కి వెళ్లాక నల్లటి చారలు మిగులుతాయి, చూసే ఉంటావు. అది మురికి కాదు. ఇల్మెనైట్, గార్నెట్, సిల్లిమనైట్ లాంటి బరువైన ఖనిజాల ఇసుక, అందులో కొంత మాగ్నటైట్ కూడా ఉంటుంది. పాత స్పీకర్‌లోని అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఆ చార మీద తిప్పి చూడు. రేణువులు లేచి గొంగళిపురుగు వెంట్రుకల్లా నిలబడతాయి. బ్రష్‌లెస్ మోటారు గిన్నె లోపల బలమైన అయస్కాంతాలు వరుసగా ఉంటాయి. దిగేటప్పుడు ప్రొపెల్లర్ల గాలికి ఇసుక లేస్తుంది, తెల్ల ఇసుక వచ్చిన దారినే పోతుంది, నల్ల ఇసుక లోపలే అంటుకుంటుంది. అయస్కాంతానికీ తీగ చుట్టలకూ మధ్య ఉండేది మిల్లీమీటరు కూడా లేని సందు. గార్నెట్ గరుకు కాగితం తయారీకి వాడేంత గట్టి ఖనిజం. ఆ సందులో, బేరింగులో అది చేరితే ఏమవుతుందో ఊహించుకో.

విప్పి చూడు. ముందు ప్రొపెల్లర్లు నాలుగూ తీసెయ్యి, బ్యాటరీ విప్పెయ్యి. ఒక్కో మోటారును వేలితో నెమ్మదిగా తిప్పు. మంచి మోటారు అయస్కాంతాల దగ్గర చిన్నగా తడబడుతూ మెత్తగా తిరుగుతుంది. ఇసుక చేరినది కరకరమంటుంది. ఆ చప్పుడు చెవికన్నా వేలికే ముందు తెలుస్తుంది. తర్వాత ఇరుసు అడుగున ఉన్న చిన్న సి క్లిప్పును సన్నని స్క్రూడ్రైవర్‌తో తప్పించి గిన్నెను పైకి లాగు. క్లిప్పు ఎగిరిపోతుంది, బొటనవేలు అడ్డం పెట్టుకో. లోపల అయస్కాంతాల అంచుల వెంట కాటుక పొడిలా నల్లటి గీత కనిపిస్తే కారణం దొరికినట్టే. గాలి కొట్టవద్దు, రేణువులు బేరింగులోకి పోతాయి. ప్యాకింగ్ టేపును వేలికి జిగురు వైపు పైకి చుట్టుకుని అద్దుతూ తియ్యి. పది పదిహేను ముక్కలు పడతాయి, ఓపిక పట్టాలి. టేపు తెల్లగా వచ్చేదాకా ఆపకు. ఆ తర్వాత బేరింగుల్లో ఒక్కో చుక్క కుట్టుమిషన్ నూనె వేసి తిప్పి చూడు. కరకర అలాగే ఉంటే బేరింగులు గీసుకుపోయాయి, ఆ ఒక్క మోటారు మార్చు.

ఇసుక ఉన్న మోటారు ఆగిపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మోటారు ఏ కోణంలో ఉందో చెప్పే సెన్సర్ ఇందులో లేదు. ఖాళీగా ఉన్న తీగ చుట్టలో పుట్టే వోల్టేజీని బట్టి ఈఎస్‌సీ అంచనా వేసుకుంటుంది. మోటారు తడబడితే, లేదా థ్రాటిల్‌ను ఒక్కసారిగా లేపితే ఆ అంచనా తప్పి మోటారు గిజగిజలాడి ఆగిపోతుంది. గాలి గట్టిగా వీచిన క్షణంలోనే నీ డ్రోన్ పడిందన్నావు. రెండింటికీ పొంతన కుదురుతోంది.

అయినా నా అనుమానాన్ని నమ్మి ఆగిపోవద్దు, పరీక్షించి తేల్చుకో. శుభ్రం చేసిన తర్వాత కూడా మూడోదానికి ఆజ్ఞ ఎక్కువగానే వెళ్తుంటే మూడో మోటారును నాలుగో చేతికి, నాలుగోదాన్ని మూడో చేతికి మార్చు. ఆ రెండూ ఒకే దిశలో తిరిగేవి కాబట్టి ప్రొపెల్లర్ నట్టు మరలు కూడా సరిపోతాయి. ఇప్పుడు నాలుగో నంబరు గీత పైకి లేస్తే దోషం మోటారుది. మూడో నంబరే ఎత్తులో ఉండిపోతే దోషం ఆ చేతిలోని ఈఎస్‌సీదో తీగలదో. మోటారుకూ ఈఎస్‌సీకీ మధ్య ఉన్న బుల్లెట్ కనెక్టర్ల పైన గొట్టాన్ని కోసి చూడు. మన ఉప్పుగాలికి ఆరు నెలల్లో అక్కడ పచ్చటి చిలుము పడుతుంది. మూడు తీగల్లో ఒక్కదానికి పట్టు తప్పినా మోటారు సరిగ్గా నువ్వు చెప్పినట్టే ఆగిపోతుంది. కనెక్టర్లు కోసేసి తీగకు తీగ టంకం పెట్టడమే సముద్రం పక్కన ఉండేవాళ్లకు మేలు. ప్రొపెల్లర్‌నూ వదలవద్దు. అంచు వెంట గోరు నడిపిస్తే కంటికి కనిపించని పగులు తగులుతుంది. నడిమి రంధ్రం దగ్గర ప్లాస్టిక్ తెల్లబారితే అది వంగి అలసిపోయిందని గుర్తు, పారెయ్యి.

టంకం అన్నాను కాబట్టి నా అనుభవం ఒకటి చెబుతాను. 2019లో పద్మనాభం వైపు జీడితోటల కొలతలకు కట్టిన డ్రోన్ ఒకటి పది నిమిషాలు చక్కగా ఎగిరి ఆ తర్వాత ఉలిక్కిపడ్డట్టు కుదిపేది. చల్లారితే మళ్లీ బాగుండేది. నేను ఒకే రోజు రెండు ఈఎస్‌సీలు, జీపీఎస్, ప్రొపెల్లర్లు అన్నీ మార్చేశాను. వారం రోజులు బాగుంది, మళ్లీ మొదలైంది. ఏ మార్పు ఏం చేసిందో తెలియక రెండు వారాలు పోయాయి, తోట యజమాని పని వేరేవాళ్లకు ఇచ్చాడు. చివరికి భూతద్దం పెట్టి చూస్తే బ్యాటరీ కనెక్టర్ టంకం చుట్టూ వెంట్రుకంత గుండ్రటి పగులు కనిపించింది. వేడికి వ్యాకోచించినప్పుడు విడిపోయేది, చల్లారితే అతుక్కునేది. అప్పటి నుంచి ఒకసారికి ఒక్కటే మారుస్తాను, మార్చిన ప్రతిసారీ ఎగరవేసి లాగ్ చూస్తాను. నీకు కూడా ఆ క్రమమే చెబుతున్నాను.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. నీ వైబ్రేషన్ విలువలు 20 లోపే ఉన్నాయి, బాగున్నాయి. 30 దాటితే ఆలోచించాలి, 60 దాటితే ఎగరవేయకూడదు. నిలువు వైబ్రేషన్ ఎక్కువైన డ్రోన్ ఆల్ట్ హోల్డ్‌లో నువ్వు స్టిక్ తాకకుండానే పైకి దూసుకుపోతుంది. చాలామంది దాన్ని బారోమీటర్ లోపమనుకుంటారు. బారోమీటర్ మీద ఎండ నేరుగా పడినా, గాలి తగిలినా ఎత్తు తప్పుగా చదువుతుంది. బోర్డు డబ్బా లోపల ఆ చిప్పు మీద గాలి చొరబడే స్పాంజి ముక్క ఉందో లేదో చూడు. బ్యాటరీ భారం మీద 10.5 వోల్టులకు, అంటే సెల్లుకు 3.5కు దిగితే వెంటనే దించెయ్యి. నీది లేచిన నిమిషంలోనే 10.9కి పడుతోంది, అది ముసలిదవుతోంది. ఎగరవేయని రోజుల్లో సెల్లుకు 3.8 దగ్గర ఉంచు, నిండా ఛార్జ్ చేసి అలమారలో పెట్టకు. ఉబ్బితే దాన్ని ఇక వాడకు. రిమోట్ సంకేతం తెగినప్పుడు డ్రోన్ దానంతటదే 15 మీటర్లకు లేచి ఇంటిదారి పట్టడం కూడా కొందరికి పిచ్చిగా తిరగడంలా కనిపిస్తుంది. నీ లాగ్‌లో అలాంటిది లేదు.

ఎక్కడ పరీక్షించాలన్న విషయం కూడా ముఖ్యమే. మన ఊళ్లో తూర్పు నౌకాదళ కేంద్రం ఉంది, విమానాశ్రయం ఉంది, ఓడరేవు ఉంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఆకాశం ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ప్రాంతాలుగా విడదీసి ఉంటుంది. బయలుదేరే ముందు ప్రతిసారీ ఆ ప్రాంతాలను చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ తెరిచి చూడు. భోగాపురం విమానాశ్రయం వల్ల భీమిలి అవతలి ప్రాంతాన్ని కూడా ప్రత్యేకంగా చూసుకోవాలి. ఆకుపచ్చ ప్రాంతంలో కూడా 120 మీటర్లు దాటకూడదు. నీ డ్రోన్ 2 కిలోల లోపే కాబట్టి వ్యాపారానికి కాకుండా ఎగరవేస్తే పైలట్ సర్టిఫికెట్ అడగరు, అంతమాత్రాన ప్రాంతాల నిబంధన సడలదు. ఎర్రని ప్రాంతంలో అదుపు తప్పిన డ్రోన్‌కు వచ్చే ఇబ్బంది మామూలుది కాదు. ఆనందపురం అవతల తెలిసినవాళ్ల ఖాళీ పొలం ఉంటే అడిగి అక్కడికి వెళ్లు, ముందుగా మ్యాపులో ఆ చోటును చూసుకో. ఉదయం ఎనిమిది లోపు పని ముగించు, ఆ తర్వాత సముద్రపు గాలి పెరుగుతుంది. పాత ఫ్లెక్సీ ఒకటి వెంట తీసుకెళ్లి నాలుగు మూలలా రాళ్లు పెట్టి దాని మీద నుంచే లేపు, దాని మీదే దించు. బీచ్‌కు మాత్రం ఇప్పట్లో వద్దు.

ఈ వారం చేయాల్సింది మోటార్లు నాలుగూ విప్పి శుభ్రం చేయడం. అది అయ్యాక ఒకసారి ఎగరవెయ్యి, స్టెబిలైజ్‌లో మాత్రమే, తల ఎత్తులో రెండు నిమిషాలు. దించగానే నాలుగు మోటార్లనూ వేలితో తాకి చూడు, మిగతావాటికన్నా ఒకటి వేడిగా ఉందేమో. ఆ తర్వాత జీపీఎస్ కడ్డీ, కంపాస్, మళ్లీ ఒక లాగ్. లాయిటర్ జోలికి అప్పటిదాకా పోవద్దు. మొదటి రెండు నిమిషాల లాగ్ వచ్చిన రోజే నాకు పంపు. మూడో మోటారు గీత మిగతా మూడింటి దగ్గరకు దిగిందో లేదో చూసి, ఆ మోటారు ఉంచాలో మార్చాలో చెబుతాను. మోటారు విప్పినప్పుడు ఆ నల్లటి గీత కనిపిస్తే దానికి దగ్గరగా ఒక ఫొటో కూడా తియ్యి.